చెవితో మొదలైన పద్యపాఠం: ఎనిమిది వారాల ఆన్‌లైన్ తరగతిపై సమీక్ష

కవిత్వం చదవాలన్న కోరిక ఉన్నా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఏళ్ల తరబడి వాయిదా వేస్తూ వచ్చిన నేను, కొత్తవారి కోసం నడిపే 8 వారాల ఆన్‌లైన్ తరగతిలో చేరి ఇటీవలే పూర్తిచేశాను. పద్యం చదవడం, అర్థం చేసుకోవడం, రాయడం అనే మూడింటినీ నేర్పుతామన్న మాటను నిర్వాహకులు చాలావరకు నిలబెట్టుకున్నారు.

అన్నిటికంటే నాకు నచ్చింది, మొదటి రెండు వారాలు, పాదంలోని అక్షరాల గుంపులైన గణాల ఊసెత్తకుండా పద్యాలను పైకి చదివించడం. ఊపిరి ఎక్కడ ఆగుతోందో, గొంతు ఎక్కడ నిలుస్తోందో మేమే గుర్తించాకే గురులఘువుల దగ్గరికి, అంటే పలకడానికి ఎక్కువసేపు పట్టే అక్షరాలు, తక్కువసేపు పట్టే అక్షరాల దగ్గరికి వచ్చారు. ద్విత్వ, సంయుక్తాక్షరాలకు ముందున్న అక్షరం గురువవుతుందన్న సూత్రం బడిలో బట్టీపట్టిందే. అయితే ‘ఉప్పు’ అనే మాటలో ఉకారం పొట్టిదే అయినా దాని మీద గొంతు ఒత్తి ఆగుతుందని నా చెవితో నేను విన్న రోజునే అది నాకు నిజంగా అర్థమైంది.

మూడో వారంలో వేమన పద్యాల ఛందస్సయిన ఆటవెలదిని తీసుకున్నారు. ‘ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు, చూడ చూడ రుచుల జాడ వేరు’ అన్న పాదాల్లో రెండోదానికి గణవిభజన చేస్తే అయిదు సూర్యగణాలు (ఒక్కోటి ఒక గురువు, ఒక లఘువు; లేదా మూడు లఘువులు) చక్కగా వచ్చాయి గాని, నాలుగో గణం మొదట రావలసిన యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు, నాకు కుదరలేదు. చకార జకారాలకు మైత్రి ఉన్నా, ‘చూ’లోని ఊకారానికీ ‘జా’లోని ఆకారానికీ పొత్తు లేదు. వేమన తప్పాడేమోనని అడిగితే, గురువుగారు రెండో అక్షరాలను చూడమన్నారు: చూడ, జాడ. ఆటవెలదిలో యతికి బదులు ఇలా రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి చెల్లుతుందట. ఆయన అక్కడితో ఆగకుండా, చూడగా చూడగా గాని జాడ తెలియదన్న భావాన్ని ఆ రెండు మాటల మధ్య పలికే డకారమే మోస్తోందని చూపించారు. నియమం అర్థానికి ఎలా ఊతమవుతుందో అంత స్పష్టంగా నాకు ఎవరూ చెప్పలేదు.

రాయడం అయిదో వారంలో మొదలైంది. ‘వాన వెలిసినాక వీధి మెరిసె’ అని నేను రాసిన సరిపాదంలో (ఆటవెలది రెండో, నాలుగో పాదాల వంటి దానిలో) గణాలు సరిపోయినా, ‘వా’కు ‘వీ’తో యతి కుదరదు కనుక ‘వీధి’ని ‘వాడ’గా మార్చుకోవలసి వచ్చింది. దిద్దుబాటు అంతటితో అయిపోయిందనుకుంటే, ‘మెరిసింది వాడా, వాడలో నిలిచిన నీళ్లా?’ అని పక్కన ఒక ప్రశ్న రాసి పంపారు. ఆ ప్రశ్నకు సమాధానం వెతుకుతూ ఒక సాయంత్రమంతా ఆ ఒక్క పాదంతోనే గడిపాను, ఎంతో సంతోషంగా.

అయితే లోపాలూ ఉన్నాయి. వచన కవిత్వానికి చివరి వారంలో ఒక్క పాఠమే కేటాయించి, ఛందస్సు లేనిది వచన కవిత అన్నట్లుగా దాటవేశారు. పంక్తిని ఎక్కడ విరవాలి, ఏ మాటను ఒంటరిగా నిలపాలి అన్నవి పద్యంలోని యతికి తీసిపోని ప్రశ్నలు, వాటికి కనీసం రెండు వారాలు ఇవ్వవలసింది. పాఠ్యపత్రాలను ఫోనులో తెరిస్తే గురులఘు గుర్తులు అక్షరాల మీద నుంచి పక్కకు జరిగిపోతున్నాయి. కొత్తవారిని ఇది నిజంగా తికమకపెడుతుంది. ఆరో వారం తరువాత దిద్దుబాట్లు ఆలస్యంగా రావడం వల్ల, నా కంద పద్యం ప్రాస (అన్ని పాదాల్లో రెండో అక్షరం కలవాలన్న నియమం) తప్పిందని తెలిసేసరికి తరగతి వృత్తాలనే మరో రకం పద్యాల్లోకి వెళ్లిపోయింది.

పద్యమంటే ఇష్టం ఉండి, వ్యాకరణ భయంతో దూరంగా ఉన్నవారికి ఈ తరగతిని నిస్సంకోచంగా సూచిస్తాను. వచన కవిత మాత్రమే రాయదలచినవారు పాఠాల పట్టిక చూసుకుని చేరడం మంచిది.