నిమ్మకాయకి ఒత్తు తిరిగొచ్చింది

నల్లకుంటలో మాది పచ్చళ్ళ కొట్టు. రెండేళ్ళ కిందట ఒకాయన చేత వెబ్‌సైట్ చేయించాం. చూడ్డానికి ధగధగలాడేది. ఒకరోజు మా పాత ఖాతా, విద్యానగర్ మాస్టారు ఫోన్ చేశారు. "అమ్మా, 35 ఏళ్ళు తెలుగు పాఠం చెప్పాను. ‘నిమకాయ’ ఏంటమ్మా? ఒత్తెక్కడ పోయింది?"

ఒత్తు రాశాం. కానీ ఆయన ఒక్కో అక్షరాల వరుస ఎత్తుని ఇంగ్లీషు అక్షరాలకి సరిపడా పిక్సెళ్ళలో (తెర మీది చుక్కల లెక్కలో) బిగించేస్తే కింద భాగం తెగిపోయింది. ‘గ్రాములు’ కాస్తా ‘గాములు’. పైగా శుక్లాల ఆపరేషన్ అయ్యాక మాస్టారు లాప్‌టాప్ క్రోమ్‌లో అక్షరాల సైజు ‘వెరీ లార్జ్’ పెట్టుకున్నారు. మా పేజీకి చీమ కుట్టినట్టయినా లేదు!

ఈ వేసవిలో బర్కత్‌పురాలో ఒక ఫ్లాట్‌లో పనిచేసుకునే ఇద్దరు కుర్రాళ్ళకి సైట్ మళ్ళీ చేసే పని 18,000కి అప్పజెప్పాం. వాళ్ళు రంగుల సంగతి ఎత్తకుండా మాస్టారి సెట్టింగ్ అడిగారు, నాకదే నచ్చింది. క్రోమ్ మామూలు సైజు 16 పిక్సెళ్ళు, ‘వెరీ లార్జ్’ 24. కొలతలు ‘రెమ్’లో రాస్తే, చదివేవాళ్ళు పెట్టుకున్న సైజే ఒక రెమ్. ఆవకాయ కలిపేటప్పుడు గిన్నె ఏదైతేనేం, ముక్కలూ కారం ఆవపిండీ ఆ గిన్నెతోనే కొలుస్తాం కదా, అదే లెక్క. వరుస ఎత్తు అక్షరానికి 1.7 రెట్లు ఇచ్చారు, ఒత్తులు ఊపిరి పీల్చుకున్నాయి.

విండో కుదిస్తే పక్కపక్కన మూడేసి ఉండే సీసాలు రెండేసి, ఆపైన ఒక్కోటి అవుతాయి. అక్షరం పెంచినా అంతే, ఎందుకంటే ఎక్కడ విరగాలన్న హద్దులూ ‘ఎమ్’లోనే పెట్టారు, అదీ రెమ్ లాగే అక్షరం సైజుని బట్టి మారే కొలత. ధర కోసం పక్కకి జరుపుకునే బాధ తప్పింది.

లోపాలూ ఉన్నాయి. మూడు వారాలన్నది ఐదైంది. పెద్ద శీర్షికని విండో వెడల్పుకి మాత్రమే ముడేశారు, కంట్రోల్ ప్లస్ ఎన్నిసార్లు నొక్కినా పెరగలేదు, చెప్పాక సరిచేశారు. అక్షరాలు బాగా పెంచితే కింద అతుక్కుని ఉండే ‘బుట్ట’ పట్టీ చివరి సీసా ధరని కప్పేస్తోంది. "సోమవారం కల్లా చేస్తాం ఆంటీ" అన్నారు, రెండు సోమవారాలు వెళ్ళిపోయాయి. అందుకే వాళ్ళ పనికి నేనిచ్చే మార్కులు ఐదుకి నాలుగు.

మాస్టారు మళ్ళీ ఫోన్ చేశారు. "ఒత్తులు చక్కగా కనిపిస్తున్నాయమ్మా. మరి ‘మగాయ’కి దీర్ఘం లేదే, అదీ డిజైనేనా?"

అది మాత్రం నేను కొట్టిందే.