చిన్న పాపతో కొత్త క్రూజ్‌లో: ఏం బాగుంది, ఏం బాగాలేదు

ఈ క్రూజ్ లైన్‌లో వెళ్లొచ్చినవాళ్లు మాకు తెలిసి ఎవరూ లేరు. అందుకే ఓడ ఫొటోల కన్నా పిల్లల క్లబ్ నిబంధనలే ఎక్కువ చదివాను. చాలా కంపెనీల్లో మూడేళ్లు నిండి, డైపర్ మానేసిన పిల్లలనే క్లబ్‌లో వదిలి వెళ్లనిస్తారు. ఇక్కడా అంతే. మా పాపకు రెండూ కుదిరాయి కాబట్టి ధైర్యంగా బుక్ చేశాం. ఇంకా డైపర్ వేసే వయసైతే స్విమ్మింగ్ పూల్ సంగతి కూడా ముందే అడగండి. స్విమ్ డైపర్ వేసినా పెద్ద పూల్‌లోకి రానివ్వని ఓడలు చాలానే ఉన్నాయి.

గది కింది డెక్‌లో, ఓడ మధ్యభాగంలో తీసుకున్నాం. ఊపు అక్కడే తక్కువ. పాప హాయిగా నిద్రపోయింది.

నాకు బాగా నచ్చింది సేఫ్టీ డ్రిల్. పాప చేతికి మా మస్టర్ స్టేషన్ (ప్రమాదమొస్తే మేం చేరాల్సిన చోటు) గుర్తున్న బ్యాండ్ కట్టారు. పిల్లల సైజు లైఫ్ జాకెట్ అడగ్గానే తెచ్చి, తొడిగి, పట్టీలు ఎలా బిగించాలో నా చేత చేయించి చూశారు. అంత ఓపిక నేను ఊహించలేదు. సగం టెన్షన్ అక్కడే పోయింది.

రాత్రి భోజనం దగ్గర మాత్రం ఇబ్బంది పడ్డాం. మాకు ఆలస్యపు విడత ఇచ్చారు, మార్చమంటే కౌంటర్ చుట్టూ తిప్పారు. పాప ప్లేటు ముందే కునికిపాట్లు పడేది. చిన్నపిల్లలుంటే మొదటి విడతే కావాలని బుకింగ్ అప్పుడే రాయించుకోండి.