బ్యాక్‌ఫ్లిప్ కోసం కొన్న గాలి మ్యాట్: నాలుగు నెలల వాడకం

ఆన్‌లైన్‌లో 13,000 రూపాయలు పెట్టి కొన్నాను. 3 మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, 10 సెంటీమీటర్ల మందం. కరెంటు పంపు కూడా ఇచ్చారు. పార్సిల్ విప్పగానే అమ్మ, "ఇంట్లో పరుపులు లేవా?" అంది.

స్కూల్లో తైక్వాండో నేర్చుకుని 540 కిక్ (గాల్లో ఒకటిన్నర చుట్టు తిరిగి తన్నేది) దాకా వచ్చి ఆపేశాను. ఇప్పుడు 31 ఏళ్లకి ట్రిక్కింగ్ పిచ్చి పట్టింది. అందులో తైక్వాండో తన్నులు, చైనా యుద్ధవిద్య వుషులోని బటర్‌ఫ్లై కిక్, బ్రెజిల్ యుద్ధవిద్య కపోయెరా, జిమ్నాస్టిక్స్ పల్టీలు అన్నీ కలిపి చేస్తారు. తన్నులంటే భయం లేదు. తల కిందికి పోయే ప్రతిదానికీ ఉంది. బ్యాక్‌ఫ్లిప్‌కి, అంటే నిలబడ్డచోటే ఎగిరి వెనక్కి వేసే పల్టీకి, చేతులు ఊపి, మోకాళ్లు వంచి, అక్కడే ఆగిపోయేదాన్ని.

మ్యాట్ లోపల పై పొరనీ కింది పొరనీ కలుపుతూ వేల దారాలు ఉంటాయి. అందుకే ఎంత గాలి కొట్టినా బెలూన్‌లా ఉబ్బదు, బల్లలా చదునుగా ఉంటుంది. మెత్తగా ఉంటే దెబ్బ తగలదని మొదటి వారం గాలి తక్కువ కొట్టాను. తప్పు. కాలు దిగబడిపోయి ఎగరడానికి ఊపే రాలేదు. గట్టిగా కొట్టాకే పని మొదలైంది.

డాబా మీద మ్యాట్ వేసుకుని రెండు వారాలు మకాకో ఒక్కటే చేశాను. గొంతుకు కూర్చుని, ఒక చెయ్యి వెనక ఆనించి, దాని మీదుగా కాళ్లు వెనక్కి విసరడం. చెయ్యి నేల మీదే ఉంటుంది కాబట్టి గుండె అంత కొట్టుకోదు. తర్వాత తమ్ముడు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఒక చెయ్యి నా నడుం వెనక, ఇంకోటి తొడ కింద పెట్టాడు. "పైకి ఎగురక్కా, వెనక్కి పడకు. ట్యాంకు పైపు మీదే చూపు పెట్టు" అన్నాడు. నేనేమో ఎగరకముందే తల వెనక్కి వేసేదాన్ని, దాంతో ఎత్తు పోయేది.

ఒకసారి గాల్లో మనసు మారింది. సగంలో కాళ్లు విప్పేసి మోకాళ్ల మీద, చేతుల మీద పడ్డాను. గచ్చు మీదైతే ఆస్పత్రే. ఆ రోజే 13,000 గిట్టుబాటు అయ్యాయనుకున్నాను. కానీ వెనక ఏమీ కనపడని ఆ క్షణం భయాన్ని మ్యాట్ తీయలేదు, తమ్ముడి చెయ్యి తీసింది. మూడో నెలలో ఆ చెయ్యి ఎప్పుడు తీసేశాడో నాకు తెలియలేదు. దిగాక చూస్తే ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు, వెధవ.

ఇక తిట్లు. మీటరు వెడల్పు చాలదు. పల్టీ కాస్త వంకర పోతే ఒక కాలు మ్యాట్ మీద, ఒకటి గచ్చు మీద. నాకు చీలమండ అలాగే బెణికింది. కొనేవాళ్లు 2 మీటర్లది చూడండి. డాబా టైల్స్ మీద జారుతుంది, కింద పాత రబ్బరు డోర్‌మ్యాట్లు వేశాను. ఎండలో వదిలేస్తే గాలి వేడెక్కి డోలులా బిగుసుకుంటుంది, కొంచెం వదలాలి. పంపు మోతకి పక్కింటి ఆంటీ రెండుసార్లు పైకొచ్చింది. అంచు దగ్గర గాలి పోతోందని కంపెనీకి చెబితే అతుకుల కిట్టు మూడు వారాలకి పంపారు.

5కి 3.5 ఇస్తాను. మ్యాట్ మీద ఇప్పుడు ఒంటరిగా చేస్తున్నాను. మొన్న ఆదివారం పార్కులో గడ్డి మీద నిలబడి, చేతులు నాలుగుసార్లు ఊపి, చెరకు రసం తాగి ఇంటికొచ్చేశాను.