ఎక్స్‌ఎఫ్ఎల్ఆర్5తో ఆరేళ్లు: రెక్క డ్రాగ్ లెక్కను ఎంతవరకు నమ్మొచ్చు?

రెండు మీటర్ల రెక్కలున్న మా మొదటి గ్లైడర్‌ని 50 మీటర్ల ఎత్తుకి తీసుకెళ్లి మోటార్ ఆపేశాం. రెక్కల పనితీరుని లెక్కగట్టే ఎక్స్‌ఎఫ్ఎల్ఆర్5 సాఫ్ట్‌వేర్ ప్రకారం అది దాదాపు 115 సెకన్లు గాల్లో ఉండాలి. కోత అయిపోయిన పొలం, పొద్దున్నే ఆరు గంటలు, ఆకు కూడా కదలడం లేదు. 65 సెకన్లకే నేలకి దిగిపోయింది. మళ్లీ ఎగరేస్తే 63, ఇంకోసారి 66. ఆ రోజు ఎక్స్‌ఎఫ్ఎల్ఆర్5 మీద చాలా కోపం వచ్చింది. తప్పు దానిది కాదని అర్థమవడానికి నాకు ఏడాది పట్టింది.

ఇది ఆండ్రే డెపెరోయిస్ రాసిన ఉచిత సాఫ్ట్‌వేర్. లోపల ఉన్న ఇంజిన్ మాత్రం ఎంఐటీలో మార్క్ డ్రెలా 1986లో రాసిన ఎక్స్‌ఫాయిల్. ముందు ఎయిర్‌ఫాయిల్‌కి, అంటే రెక్క అడ్డుకోతకి, గాలి రాపిడి వల్ల ఎంత డ్రాగ్, అంటే వెనక్కి లాగే బలం, వస్తుందో రకరకాల రెనాల్డ్స్ సంఖ్యల దగ్గర లెక్కేయించాలి (రెక్క వెడల్పు, వేగం పెరిగితే ఈ సంఖ్య పెరుగుతుంది). తర్వాత రెక్క మొత్తాన్ని చిన్న ప్యానెళ్లుగా కోసి, లిఫ్ట్, అంటే పైకి లేపే బలం, పుట్టించినందుకు కట్టాల్సిన ఇండ్యూస్డ్ డ్రాగ్‌ని అదే లెక్కిస్తుంది. రెండూ కలిపితే రెక్క డ్రాగ్.

మా గ్లైడర్ బరువు 1.2 కిలోలు, రెక్క వైశాల్యం 0.4 చదరపు మీటర్లు, వేగం సెకనుకి 10 మీటర్లు. డ్రాగ్ గుణకంలో (కొలమానం లేని అంకె) ఇండ్యూస్డ్ వాటా 0.008, రాపిడి వాటా 0.013, మొత్తం 0.021 అని చూపించింది. లిఫ్ట్‌ని ఈ డ్రాగ్‌తో భాగిస్తే, మీటరు కిందికి దిగేలోపు 23 మీటర్లు ముందుకి వెళ్లాలి. నిజంగా వెళ్లింది 13. కారణం చాలా మామూలుది: నేను దానికి ఇచ్చింది ఒట్టి రెక్క. బాడీ, తోక, బయటికి పొడుచుకొచ్చిన సర్వో (కదిలే పలకల్ని తిప్పే చిన్న మోటార్) కడ్డీలు, రెక్క బాడీని కలిసేచోట సందు, ఇవేవీ ఆ లెక్కలో లేవు. ఇప్పుడు తోకని కూడా మోడల్‌లో పెడతాను, బాడీ డ్రాగ్‌ని విడిగా చేత్తో లెక్కేసి కలుపుతాను.

దీని అసలు బలం రెండు రెక్కల్ని పక్కపక్కన పెట్టి పోల్చడంలో ఉంది. రెక్క కొసని బాగా సన్నం చేస్తే ఇండ్యూస్డ్ డ్రాగ్ తగ్గుతుందని ఒకప్పుడు అదే పనిగా సన్నం చేసేవాణ్ణి. కొస వెడల్పు తగ్గితే అక్కడ రెనాల్డ్స్ సంఖ్య కూడా పడిపోయి రాపిడి డ్రాగ్ పెరుగుతుందని ఈ గ్రాఫుల్లోనే కళ్లారా చూశాను. ఇటు మిగిలింది అటు పోయింది.

కొత్తవాళ్లకి చిరాకు తెప్పించేది ఒకటుంది. లెక్క మధ్యలో ఆగిపోయి, పాయింట్ ఫ్లైట్ ఎన్వలప్ బయట ఉందంటుంది, అంటే తన దగ్గరున్న ఎయిర్‌ఫాయిల్ లెక్కల హద్దు దాటిందని. చాలాసార్లు జబ్బు రెక్కలో ఉండదు, ఎయిర్‌ఫాయిల్ డేటా చాలకపోవడంలో ఉంటుంది. 30,000 నుంచి 3 లక్షల రెనాల్డ్స్ వరకు దగ్గరదగ్గరగా నడిపి పెట్టుకుంటే నా సైజు మోడళ్లకి ఆ గొడవ దాదాపు పోయింది. స్టాల్ (రెక్క మరీ పైకి వాలి లిఫ్ట్ పడిపోయే స్థితి) దగ్గరి అంకెల్ని మాత్రం నేను అసలు పట్టించుకోను. మనుషులెక్కే విమానాలకి దీన్ని వాడొద్దని తయారుచేసినవాళ్లే చెప్పారు. ఆ మాట దయచేసి సీరియస్‌గా తీసుకోండి.

రెక్క మీది గాలి పొర ఎంత ఆలస్యంగా అల్లకల్లోలమవుతుందో చెప్పే ఎన్‌క్రిట్ అనే సెట్టింగ్‌ని చాలామంది 9 దగ్గరే వదిలేస్తారు. అది నున్నటి రెక్క, మామూలు విండ్ టన్నెల్‌లో ఉండేంత తక్కువ అలజడి ఉన్నప్పటి విలువ. నేను 5కి తగ్గించి చూస్తే, రెక్క కొస దగ్గర డ్రాగ్ పెరగాల్సింది పోయి తగ్గింది. అంత తక్కువ రెనాల్డ్స్ దగ్గర గాలి పొర ఉపరితలం నుంచి విడిపోయి బుడగలా లేస్తుంది. పొర ముందే అల్లకల్లోలమైతే ఆ బుడగ చిన్నదై డ్రాగ్ తగ్గుతుంది. అది చూశాకే రెక్క బయటి భాగంలో, ముందు అంచు నుంచి వెడల్పులో 40 శాతం దగ్గర, పొరని ముందే అల్లకల్లోలం చేసే సన్నటి జిగ్‌జాగ్ టేప్ అంటించాను. అదే పొలం, అదే 50 మీటర్లు. నాలుగుసార్లు ఎగరేస్తే సగటున 69 సెకన్లు వచ్చింది.