హూడిలో కాపురం: బెంగళూరుకి ఉద్యోగం మారి వచ్చేవాళ్ళ కోసం ఒక ఏరియా రివ్యూ

బెంగళూరులో ఉద్యోగం అనగానే చుట్టాలందరూ చెప్పే పేరు ఒక్కటే, మారతహళ్ళి. "అక్కడంతా మనవాళ్ళేనమ్మా, ఏ ఇబ్బందీ ఉండదు" అంటారు. నిజమే, మనవాళ్ళతో ఏ ఇబ్బందీ లేదు, ఇబ్బందల్లా రోడ్డుతోనే. మేము మాత్రం హూడిలో దిగాం. కె.ఆర్.పురానికీ వైట్‌ఫీల్డ్‌కీ మధ్యలో ఉంటుంది. ఐదుకి మూడున్నర మార్కులు వేస్తాను. అందులో రెండు మెట్రోకే. తగ్గించిన ఒకటిన్నరలో ఒకటి నీళ్ళకి, అర ఫుట్‌పాత్‌లకి.

మా సంగతి ముందే చెప్పేస్తే ఈ రివ్యూ మీకు పనికొస్తుందో లేదో తేలిపోతుంది. నా ఆఫీసు వైట్‌ఫీల్డ్ వైపున్న ఐ.టి. పార్కు ఐ.టి.పి.ఎల్. లోపల, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. మా ఆయనది మహదేవపురలో, ఫీనిక్స్ మాల్ దగ్గర్లో. పాప రెండో తరగతి. అత్తయ్య మాతోనే ఉంటారు, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, కాబట్టి లిఫ్ట్ లేని ఇల్లు కుదరదు. సొంతూరు ఒంగోలు. పండగకో పెళ్ళికో ఊరెళ్ళడం తప్పదు. కారు ఉంది గానీ ఇద్దరికీ దాన్ని ఆఫీసుకి తీసుకెళ్ళే ఓపిక లేదు.

మారతహళ్ళి బ్రిడ్జి నుంచి మా ఆఫీసు పెద్ద దూరమేం కాదు. పొద్దున ఎనిమిదికి ముందు బయల్దేరితే హాయిగా వెళ్ళిపోవచ్చు. సాయంత్రం ఆరున్నరకి తిరిగి వస్తే తెలుస్తుంది. కుందలహళ్ళి గేటు దగ్గర అండర్‌పాస్ వచ్చాక కొంచెం నయమంటారు పాతవాళ్ళు. ఆ కొంచెం నాకైతే కనపడలేదు. మెట్రో పర్పుల్ లైను మారతహళ్ళిని తాకదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద వేస్తున్న బ్లూ లైను పనులు ఎన్నాళ్ళకి పూర్తయితే అన్నాళ్ళకి. అక్కడి తెలుగు హోటళ్ళు, ఆంధ్రా స్టైల్ పీజీలు, పచ్చళ్ళ షాపులు చూసి మనసు లాగిన మాట నిజమే. కానీ ఆ పప్పు, పొడి, నెయ్యి కోసం ఆదివారం వెళ్ళి రావచ్చు కదా. రోజూ సాయంత్రం రోడ్డు మీద కూర్చోవాల్సిన పని లేదు.

హూడిలో మేము కొనుక్కున్నది అసలు మెట్రో స్టేషనే. కె.ఆర్.పురం నుంచి వైట్‌ఫీల్డ్ వరకు 2023 మార్చిలో తెరిచారు. మధ్యలో మిగిలిపోయిన బైయప్పనహళ్ళి-కె.ఆర్.పురం ముక్క అదే ఏడాది అక్టోబరులో కలిసింది. ఇప్పుడు నాకు హూడి నుంచి పట్టందూరు అగ్రహార ఐదో స్టేషను, మా ఆయనకి రెండో వైపు సింగయ్యనపాళ్య రెండో స్టేషను. ఇద్దరం ఒకే స్టేషన్లో చెరో వైపు రైలు ఎక్కుతాం. సిటీ మధ్యలోని మెజెస్టిక్‌కి రైలు మారకుండా ముప్పావుగంటలో వెళ్ళిపోవచ్చు. 2025 ఫిబ్రవరిలో టికెట్లు పెంచారు, ఎక్కువలో ఎక్కువ 60 రూపాయలు ఉన్నది 90 అయింది. తిట్టుకున్నాం, అయినా ఎక్కుతున్నాం. క్యాబ్ రేటుతో పోల్చి చూసుకుంటే తిట్టు నోట్లోనే ఆగిపోతుంది.

అయితే "మెట్రోకి దగ్గర" అని ప్రకటనలో రాస్తే నమ్మకండి. మెట్లు దిగగానే ఫుట్‌పాత్ అయిపోతుంది. ఆ తర్వాత తవ్వి వదిలేసిన గుంట, పార్క్ చేసిన బైకులు, కొబ్బరిబొండాల బండి, పక్కనుంచి హారన్ కొట్టుకుంటూ వాటర్ ట్యాంకరు. వానాకాలం అయితే చెప్పు ఎక్కడ పెడుతున్నామో దేవుడికే తెలియాలి. నడిచి చూసి, పది నిమిషాలు దాటితే ఆ ఇల్లు వదిలేయండి. దగ్గర దూరానికి ఆటోలు రావు, వచ్చినా మీటరు మాట ఎత్తకూడదు.

ఇక నీళ్ళు. మేము ఇల్లు వెతికింది 2024 మార్చిలో. ఆ ఏడాది బెంగళూరు నీటి కరువు టీవీల్లో చూసే ఉంటారు. తాగే నీళ్ళతో కారు కడిగితే 5,000 రూపాయలు జరిమానా అన్నారు. ట్యాంకర్ల వాళ్ళు నోటికొచ్చిన రేటు చెబుతుంటే జిల్లా యంత్రాంగం ధర కట్టాల్సి వచ్చింది, ఐదు కిలోమీటర్ల లోపైతే 12,000 లీటర్ల ట్యాంకరు 1,000 రూపాయలని. ఇల్లు వెతకడానికి అంతకన్నా మంచి కాలం ఉండదంటాను నేను. వానాకాలంలో చూస్తే ప్రతి ఓనరూ "నీళ్ళకి కొదవ లేదు" అంటాడు, కుళాయి కూడా ఆయనకే వంత పాడుతుంది. మార్చిలో ఆ మాట చెల్లదు.

నేను ఏ ఇల్లు చూసినా ముందు బాత్‌రూంలోకి వెళ్ళేదాన్ని. షవర్ మూతి చూస్తే చాలు. బోరు నీళ్ళయితే రంధ్రాల చుట్టూ తెల్లగా సున్నంలా పేరుకుని, సగం మూసుకుపోయి ఉంటాయి. గీజర్ కింద టైల్ మీద గోరుతో గీకితే పొడి రాలుతుంది. కొత్తగా పెయింట్ వేసి, టైల్స్ యాసిడ్‌తో కడిగించిన ఇంట్లో కూడా షవర్ మాత్రం మార్చరు. ఎందుకో మరి.

ఆ తర్వాత వాచ్‌మన్‌ని అడగాలి, అదీ బ్రోకర్ పక్కన లేనప్పుడు. మా బిల్డింగ్ వాచ్‌మన్‌ది ఆదోని వైపు. నేను తెలుగులో అడగ్గానే విప్పేశాడు. "కావేరి నీళ్ళు వారానికి రెండు మాట్లు వస్తాయక్కా, రాత్రి పూట. చాలకపోతే బోరు. బోరు కూడా చాలకపోతే ట్యాంకరే. పోయిన వారం రెండు దిగినాయి. ఆ దుడ్డు మీ మెయింటెనెన్స్‌లోనే యేస్తారు." ఓనర్‌ని ఇదే అడిగితే, "వాటర్ ప్రాబ్లం అనేదే లేదమ్మా" అన్నారు. ఇద్దరూ ఇప్పుడు రోజూ ఎదురుపడేవాళ్ళే కాబట్టి ఎవరిది నిజమో ఇక్కడ రాయను.

ఆ అక్టోబరులో, నగరానికి కావేరి నీళ్ళు తెచ్చే పథకం ఐదో దశ మొదలైంది. రోజుకి 77.5 కోట్ల లీటర్లు, ముఖ్యంగా నగరంలో ఆలస్యంగా కలిసిన 110 గ్రామాల కోసం. వంద కిలోమీటర్ల అవతల నుంచి పంపు చేసి పైకి ఎక్కించే నీళ్ళు అవి. అందుకని "మా ఏరియాకి కావేరి వచ్చింది" అని ఎవరన్నా అంటే అక్కడితో ఊరుకోకండి. వీధిలో లైను ఉందా, ఈ బిల్డింగ్‌కి కనెక్షన్ తీసుకున్నారా, వారంలో ఎన్ని రోజులు వదులుతారు, ఇవి మూడూ వేరు వేరు ప్రశ్నలు.

డబ్బు సంగతి. రెండు బెడ్‌రూంలు, లిఫ్ట్, కారు పెట్టుకునే చోటు, అద్దె 27,000, మెయింటెనెన్స్ 2,500. పెద్ద గేటెడ్ కమ్యూనిటీలో అయితే ఇంకో పదిహేను వేలు కలుపుకోవాలి. హైదరాబాదులో రెండు నెలల అడ్వాన్సుకి అలవాటు పడ్డవాళ్ళకి ఇక్కడ మొదటి దెబ్బ ఆ అడ్వాన్సే. పాతకాలంలో పది నెలలది అడిగేవారట, మేము బేరమాడి ఐదు నెలలకి తెచ్చాం. అగ్రిమెంటు పదకొండు నెలలకే రాస్తారు, ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలి కాబట్టి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరు మీద ఒక నెల అద్దె పట్టుకోవడం ఇక్కడ ఆచారంలా నడుస్తోంది. దాన్ని "అసలు ఖర్చు ఎంతైతే అంత, బిల్లు చూపించాలి" అని మా ఆయన రాయించారు. ఓనర్ పావుగంట మొహం ముడుచుకుని చివరికి సంతకం పెట్టారు. ఈ ఊరి పాత రైతు కుటుంబం వాళ్ళది, ఇంట్లో మాట్లాడేది తెలుగే, కాకపోతే కోలారు వైపు తెలుగు. మొదటి రోజు "ఏం పని చేస్తా ఉండారు మీరు?" అని అడిగితే అత్తయ్య ఈయన మనవాడేనని తేల్చేశారు. అడ్వాన్సు మాత్రం ఆ ఐదు నెలల నుంచి ఒక్క రూపాయి తగ్గలేదు.

ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి అద్దెకున్నవాళ్ళకీ వర్తిస్తుంది, నెలకి 200 యూనిట్లు దాటితే మాత్రం బిల్లు మొత్తం మనదే. ఆడవాళ్ళకి మామూలు బస్సుల్లో ఉచితంగా తిరిగే శక్తి పథకం కర్ణాటక చిరునామా ఉంటేనే పనిచేస్తుంది. ఆధార్‌లో అడ్రస్ మార్చుకునే దాకా అత్తయ్య గుడికి టికెట్ కొనుక్కునే వెళ్ళారు, ప్రతిసారీ నాకు ఆ లెక్క చెబుతూ. వేరే రాష్ట్రం నంబరు బండి పన్నెండు నెలలు దాటి ఇక్కడే ఉంటే రిజిస్ట్రేషన్ మార్చుకోవాలి, దానికి పాత ఆర్టీవో నుంచి అభ్యంతరం లేదనే కాగితం, ఎన్‌వోసీ, కావాలి. ఈ పని పెట్టుకోకుండా స్కూటీ ఊళ్ళోనే వదిలి రావడం నయం.

పాప స్కూల్లో కన్నడ ఉంది, 2015 చట్టం తర్వాత ఇక్కడ అది తప్పదు. మొదట టెన్షన్ పడ్డాం. లిపి మనదానికి దగ్గర కావడంతో పిల్ల మాకన్నా ముందే బస్సు బోర్డులు చదవడం మొదలుపెట్టింది.

ఊరెళ్ళే దారి సంగతి మాత్రం ఏరియాలు పోల్చేవాళ్ళెవరూ చెప్పరు. మన తెలుగువాళ్ళకి అది మొదట చూసుకోవాల్సింది. నెల్లూరు, ఒంగోలు, విజయవాడ వైపు ప్రైవేటు బస్సులు కె.ఆర్.పురం, టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ మీదుగా పోతాయి. కాకినాడ వెళ్ళే శేషాద్రి ఎక్స్‌ప్రెస్ కె.ఆర్.పురంలో ఆగుతుంది. మాకు అది మెట్రోలో మూడో స్టేషనే. తిరుగు ప్రయాణంలో సోమవారం తెల్లవారుజామున బస్సు దిగితే, 2025 జనవరి నుంచి సోమవారాలు 4:15కే మెట్రో మొదలుపెడుతున్నారు, అది ఊరికి పోయొచ్చే మాలాంటి వాళ్ళ కోసమే. అదే మీది అనంతపురమో కర్నూలో అయితే హూడి వద్దు. మీ బస్సులు హెబ్బాళ, యెలహంక వైపు నుంచి పోతాయి. శుక్రవారం సాయంత్రం ఇక్కణ్ణుంచి హెబ్బాళ చేరేలోపు ఊరి మీద ఆశే చచ్చిపోతుంది. ఆఫీసు మాన్యతా టెక్ పార్కులోనో విమానాశ్రయం వైపో ఉంటే యెలహంక చూసుకోండి.

ఆఫీసు ఎలక్ట్రానిక్ సిటీ అయితే ఇటు రానే రాకండి. 2025 ఆగస్టులో ఆర్.వి.రోడ్ నుంచి బొమ్మసంద్రకి యెల్లో లైను వచ్చింది, ఆ దారిలోనే ఇల్లు తీసుకోండి. బెళ్ళందూరు వైపు అపార్ట్‌మెంట్లు అందంగా ఉంటాయి, కాదనను. కానీ 2022 సెప్టెంబరులో యెమలూరు, సర్జాపుర రోడ్డు వైపు ట్రాక్టర్లలో ఆఫీసుకి వెళ్ళిన వీడియోలు చూశాక, నేల మీది ఫ్లాటు ఎవరు ఎంత తక్కువకి ఇస్తామన్నా మా ఆయన ఒప్పుకోలేదు.

హూడిలోనే చూస్తుంటే ఇంకొక్క సంగతి. చెన్నై రైల్వే లైను ఈ ఏరియాని ఆనుకునే పోతుంది. పట్టాల వైపు వీధుల్లో అదే సైజు ఇల్లు రెండు మూడు వేలు తక్కువకి చెబుతారు. మా కొలీగ్ ఒకావిడ తీసుకుంది, పసిబిడ్డ ఉన్న ఇల్లు, ఆరు నెలల్లో మారిపోయింది. టోకెన్ అడ్వాన్సు ఇచ్చే ముందు రాత్రి పదకొండు తర్వాత ఒకసారి ఆ బెడ్‌రూంలో కిటికీ మూసుకుని కూర్చుని చూడండి. ఓనర్ తాళం ఇవ్వనంటే ఆ ఇల్లు వద్దు.