పలాస జీడిపప్పు లెక్కలకు హెచ్‌లెడ్జర్ పనికొస్తుందా?

పనికొస్తుంది, బాగా పనికొస్తుంది. హెచ్‌లెడ్జర్ అంటే కంప్యూటర్లో కమాండ్లు టైపు చేసి లెక్కలు చూసుకునే ప్రోగ్రామ్. పలాస, కాశీబుగ్గ వైపు జీడి వ్యాపారం చేసేవాళ్లకి లెక్కంటే రూపాయలొక్కటే కాదు కదా, పిక్కలు 80 కిలోల బస్తాల్లో వస్తాయి, పప్పు సైజును బట్టి డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని గ్రేడు కట్టి టిన్నుల్లో పోతుంది. హెచ్‌లెడ్జర్‌లో బస్తాలు, టిన్నులు, డబ్బు అన్నీ ఒకే ఫైల్లో రాసుకోవచ్చు, ఏ సరుకు ఎంత నిల్వ ఉందో ఒక్క కమాండ్‌తో వచ్చేస్తుంది. సైమన్ మైఖేల్ 2007లో మొదలుపెట్టిన ఉచిత ప్రోగ్రామ్ ఇది. మనం రాసేది మామూలు టెక్స్ట్ ఫైలే, ఎంట్రీలో రెండు వైపులా సరిపోకపోతే ఎక్కడ తేడా ఉందో లైన్ నంబరుతో చూపించి ఆగిపోతుంది.

అసలు లాభం స్క్రిప్టులో, అంటే కమాండ్లన్నీ వరుసగా రాసిపెట్టుకునే చిన్న ఫైల్లో ఉంది. బ్యాంకు సైట్ నుంచి స్టేట్‌మెంట్ సీఎస్‌వీగా (కామాలతో విడగొట్టిన పట్టిక ఫైలుగా) దించుకుని, రూల్స్ ఫైల్లో తేదీ ఏ కాలమ్, మొత్తం ఏ కాలమ్, ఫలానా మాట కనిపిస్తే లారీ కిరాయి ఖాతాకి ఎక్కించు అని ఒకసారి రాసిపెట్టుకుంటే ఇక ఇంపోర్ట్ కమాండే అన్నీ సర్దుతుంది. ఒక్క జాగ్రత్త. ఎంతవరకు ఎక్కించిందో ఆ సీఎస్‌వీ పేరుతోనే గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి, దించిన ఫైల్ పేరు ప్రతిసారీ మారితే పాత ఎంట్రీలు మళ్లీ పడతాయి. అందుకే మీ స్క్రిప్టులో మొదటి లైన్ ఆ ఫైల్‌ని ఎప్పుడూ ఒకే పేరుతో కాపీ చేసేదై ఉండాలి. ఆ తర్వాత డ్రై రన్ ఆప్షన్‌తో (ఎక్కించకుండా ఏం పడుతుందో చూపించేది) చూసుకుని, బాగుంటేనే నిజంగా ఎక్కించండి.

ఇంకోటి, ఎండ్ డేట్ ఇస్తే ఆ రోజు లెక్కలోకి రాదు. మార్చి 31 అని ఇచ్చారనుకోండి, ఏడాది ఆఖరి రోజు అమ్మకాలన్నీ రిపోర్టులో ఎగిరిపోతాయి, ఏప్రిల్ 1 అని ఇవ్వాలి. వార్షిక రిపోర్టు కూడా జనవరి నుంచి డిసెంబరుకే వేస్తుంది, మన ఆర్థిక సంవత్సరానికి తేదీలు మనమే చెప్పాలి. మూడు నెలల రిపోర్టుతో ఆ టెన్షన్ లేదు, ఏప్రిల్ నుంచి జూన్ చక్కగా కుదురుతుంది. నాకు బాగా నచ్చింది మాత్రం అంకెలు. కమోడిటీ లైన్లో, అంటే అంకెలు ఎలా చూపించాలో చెప్పే లైన్లో, నమూనాగా 1,00,00,000.00 అని రాసిపెడితే రిపోర్టులన్నీ లక్షలు, కోట్ల లెక్కలోనే కామాలు పెట్టి చూపిస్తుంది.

జీఎస్టీ రిటర్ను, ఈ-వే బిల్లు దీంతో కావు, వాటికి వేరే దారి చూసుకోవాలి. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు, 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ నమోదయ్యే ఆడిట్ ట్రెయిల్ తప్పనిసరి, టెక్స్ట్ ఫైల్‌ని ఎవరైనా దిద్దేయొచ్చు. సొంత పేరు మీద నడిచే బట్టీకి, కమిషన్ వ్యాపారానికి ఆ ఇబ్బంది లేదు. మీ ఆడిటర్‌కి కావాల్సింది సీఎస్‌వీగా తీసి పంపొచ్చు, ఎక్సెల్‌లో తెరుచుకుంటుంది.

5కి 4 ఇస్తాను. కమాండ్లు అలవాటయ్యేదాకా పాత పుస్తకం కూడా పక్కన రాస్తూ ఉండండి.