రాజమండ్రిలో రెండు రోజులు: ఒకటి ప్యాకేజీ కారులో, ఒకటి ఆటోలో

ముందే చెప్పేస్తున్నాను. రాజమండ్రి చూడాలనుకుంటే "ఒక్కరోజులో సిటీ మొత్తం చూపిస్తాం" అనే కారు ప్యాకేజీ మాత్రం మాట్లాడుకోకండి. నేను మాట్లాడాను, 3,500 రూపాయలు కట్టాను, సాయంత్రానికి మా పెద్దమ్మ మొహం చూసి ఏడుపొచ్చింది. మర్నాడు అదే ఊరు ఆటోల్లోనూ, నడిచీ, ఏ వేళకి ఏది బాగుంటుందో చూసుకుని తిరిగాం. ఊరు అదే, గోదారి అదే, కానీ రాజమండ్రి చూశాం అనిపించింది మాత్రం ఆ రెండో రోజే. పెద్దవాళ్ళతోనో పిల్లలతోనో వచ్చేవాళ్ళకి పనికొస్తుందని రెండు రోజుల సంగతీ రాస్తున్నాను.

మాది కోనసీమలో కొత్తపేట. పెళ్ళి బట్టలన్నా, పెద్ద డాక్టరన్నా, కొత్త సినిమా అన్నా మాకు రాజమండ్రే. చిన్నప్పట్నుంచి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు కానీ ఊరు చూద్దామని మాత్రం ఎప్పుడూ వెళ్ళలేదు. మొన్న ఫిబ్రవరిలో హైదరాబాద్ నుంచి పెద్దమ్మ వచ్చింది, ఇరవై ఏళ్ళుగా కొడుకు దగ్గర అక్కడే ఉంటోంది, కూడా ఇంటర్ చదివే మనవడు. "వీడికి గోదారి చూపించవే, ఫోన్లో చూడ్డమే తప్ప ఎరగడు" అంది. ఆవిడకి డెబ్భై రెండు, మోకాళ్ళ నొప్పులు. ఆటోలో కుదుపులకి తట్టుకోలేదని ఏసీ కారు, ప్యాకేజీ మాట్లాడాను.

ఎనిమిదికి వస్తామన్న కారు పదింపావుకి వచ్చింది. పుష్కర ఘాట్‌కి చేరేసరికి పదకొండు దాటింది. ఫిబ్రవరే అయినా ఆ వేళకి రాతిమెట్లు చెప్పుల్లేని కాళ్ళని నిలవనివ్వవు. పెద్దమ్మ రెండు మెట్లు దిగి వెనక్కి వచ్చేసింది, నీళ్ళు నెత్తిన చల్లుకోలేదు కూడా. "పది నిమిషాలేనండీ, ఇంకా చాలా ఉన్నాయి" అంటూ డ్రైవర్ తొందరపెట్టాడు. అతన్ని అనడానికీ లేదు, పైవాళ్ళు చెప్పినట్టు తిప్పుతున్నాడు. తర్వాత కడియపులంక నర్సరీలు. నిజానికి ఆ నర్సరీలు చాలా బాగుంటాయి, ఊరికి ఊరే మొక్కలు పెంచుతుంది, రోడ్డుకి రెండు పక్కలా బంతి, చామంతి, గులాబీ తప్ప ఇంకోటి కనపడదు. కానీ మమ్మల్ని ఒకే ఒక్క నర్సరీలో గంటన్నర కూర్చోబెట్టారు, ఏదో ఒకటి కొనేదాకా కారు కదిలేలా లేదు. మనవడికి ఆకలి. భోజనానికి హైవే పక్కన వాళ్ళు చెప్పిన హోటల్‌కే వెళ్ళాలి, మూడు దాటాక తీసుకెళ్ళారు.

అసలు కోపం అక్కడొచ్చింది. గోడ మీద పెద్ద అక్షరాలతో "గోదావరి పులస పులుసు" అని రాశారు. ఫిబ్రవరిలో పులస ఏంటి అని నాకు అనుమానం వచ్చింది కానీ పెద్దమ్మ ఆశగా చూసేసరికి అడ్డు చెప్పలేకపోయాను, ఇరవై ఏళ్ళయింది ఆవిడ పులస తిని. చిన్న గిన్నెలో మూడు ముక్కలు, దానికే మా ముగ్గురి భోజనాల కంటే ఎక్కువ బిల్లు. ఆవిడ ఒక ముక్క విరిచి, ముల్లు తీసి, నోట్లో పెట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయింది. మింగి, "ఇది పులస కాదమ్మా" అని చెయ్యి కడిగేసుకుంది. అంతే, ఇంకేమీ అనలేదు. ఆ మాట నాకు రెండు రోజులు చెవుల్లో తిరిగింది.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఈ చేప సముద్రంలో ఉన్నప్పుడు ఇలస. వరదలొచ్చి గోదారి ఎర్రబడ్డాక గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుకుంటూ పైకి వస్తుంది, ఆ తియ్యనీళ్ళలో ఈదీ ఈదీ ఉప్పదనం పోయి, రుచి మారి పులస అవుతుంది. జులై నుంచి సెప్టెంబర్ దాకానే దాని రోజులు. "పుస్తెలమ్మైనా పులస తినాలి" అని మా వైపు ఊరికే అనలేదు. మట్టికుండలో, బెండకాయలు వేసి, సన్నసెగ మీద పులుసు పెట్టి, ఆ పూట కాదు, మర్నాడు తింటారు. మిగతా నెలల్లో పులస అని ఎవరు అమ్మినా అది ఇలసో, ఎక్కణ్ణుంచో ఐసులో వచ్చిన ఇంకో చేపో. ఆ డబ్బు పెట్టి రొయ్యల ఇగురో, కొరమీను పులుసో తినండి, హాయిగా ఉంటుంది.

ఆ రోజు సాయంత్రం ఆరింటికే "టైమ్ అయిపోయిందండీ" అంటూ లాడ్జి దగ్గర దింపేశారు. సాయంత్రం ఘాట్ దగ్గర గోదారికి ఇచ్చే హారతి చూడలేదు, బ్రిడ్జి ఎక్కలేదు. ఫోన్ చేసి అడిగితే ప్యాకేజీలో ఉన్నవన్నీ చూపించామన్నారు. కాగితం తీసి చూస్తే నిజమే, పేర్లన్నీ ఉన్నాయి.

రెండో రోజు. తెల్లారి ఐదున్నరకి పెద్దమ్మే లేపింది. ఆటో మాట్లాడుకుని మళ్ళీ పుష్కర ఘాట్‌కే వెళ్ళాం. ఆ వేళకి మెట్లు చల్లగా, కాస్త మంచు, స్నానాలు చేసేవాళ్ళు, పూజారి చెబుతున్న సంకల్పం, దీపాలు అమ్మే పిల్లలు. ఎడమ పక్క హేవలాక్ బ్రిడ్జి మసకగా కనపడుతోంది. 1900లో దాని మీద రైళ్ళు మొదలయ్యాయి, 1997లో ఆగిపోయాయి. దాని పక్కనే అదే 1997లో విల్లుల్లాంటి కమానులతో కట్టిన ఆర్చి బ్రిడ్జి, ఇరవై ఎనిమిది కమానులు, ఒక్కోటీ దాదాపు వంద మీటర్లు. ఒక గూడ్సు బండి ఆ కమానుల్లోంచి పోతుంటే మావాడు పెట్టెలు లెక్కపెట్టడం మొదలెట్టి మధ్యలో మర్చిపోయాడు. పెద్దమ్మ నా భుజం పట్టుకుని ఏడు మెట్లు దిగింది. చివరి మెట్టు మీద కూర్చుని రెండు పాదాలూ నీళ్ళలో పెట్టి, దోసిలితో తీసి నెత్తిన చల్లుకుని, తర్వాత ఎంతసేపు పిలిచినా లేవలేదు. లేపలేదు నేను కూడా. మెట్ల మూలల్లో ప్లాస్టిక్ కవర్లు, వాడిన దండలు మాత్రం మనసుని కష్టపెట్టాయి. 2027లో పుష్కరాలొస్తున్నాయి, ఈలోగానైనా మనలో ఎవరి కవరు వాళ్ళు వెనక్కి తీసుకెళ్తే చాలు.

టిఫిన్ ఏడున్నరకి, దానవాయిపేట లోపలి వీధిలో, బోర్డు కూడా లేని చోట. ఆటో అతనే చెప్పాడు, "పెద్దావిడకి రొట్టె పెట్టించండి" అని. అది దిబ్బరొట్టె, కొంతమంది మినపరొట్టె అంటారు. మందపాటి మూకుడులో నూనె వేసి, మినప్పిండీ బియ్యపురవ్వా కలిపిన పిండి రెండంగుళాల మందాన పోసి, మూత పెట్టి, సన్నసెగన వదిలేస్తారు, తొందరపడితే లోపల పచ్చిగా ఉండిపోతుంది. అడుగు ఎర్రగా కరకరలాడాలి, లోపల దూదిలా ఉండాలి. మాకు ఇరవై నిమిషాలు పట్టింది, ఆ ఇరవై నిమిషాలూ ఎవరూ విసుక్కోలేదు. కొబ్బరి పచ్చడితోపాటు చిన్న గిన్నెలో బెల్లం పానకం ఇచ్చారు. రొట్టెని పానకంలో ముంచుకోవడం మావాడికి వింతగా అనిపించింది, రెండో ముక్కకి పచ్చడి పక్కకి తోసేశాడు. పెసరట్టు ఉప్మా కూడా తిన్నాం, బాగానే ఉంది, కానీ ఆ రొట్టె ముందు గుర్తులేదు.

అక్కణ్ణుంచి ఆటోలో రోడ్డు కం రైలు బ్రిడ్జి మీదుగా కొవ్వూరు దాకా వెళ్ళి వచ్చాం. 1974 నాటిది, కింద రైలు, పైన రోడ్డు, నాలుగు కిలోమీటర్లు దాటి ఉంటుంది. మధ్యలో ఉండగా కింద రైలొచ్చింది. రైలు కనపడదు, ముందు ఆటో కడ్డీ సన్నగా వణుకుతుంది, తర్వాత మన కాళ్ళ కింద హోరు మొదలవుతుంది, అది మనల్ని దాటి వెళ్ళిపోయాక కూడా కడ్డీ మీద చెయ్యి వేస్తే తెలుస్తూనే ఉంటుంది. "అత్తా, మనం రైలు మీద వెళ్తున్నాం" అన్నాడు వాడు. దీనికి ప్యాకేజీ అక్కర్లేదు, ఆటో ఛార్జీ చాలు.

ఎండెక్కాక నీడపట్టున ఉండే చోట్లు చూడండి. నా ఓటు దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి. చాలామంది రాజమండ్రి వాళ్ళే లోపలికి వెళ్ళి ఉండరు, నేనూ మొదటిసారే. ఆయన 1897లో పుట్టి, 1925లో మశూచితో పోయాడు, ఇరవై ఎనిమిదేళ్ళు కూడా సరిగ్గా బతకలేదు. ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన ఈ కుర్రాడి చెయ్యి చూసి బొంబాయి జేజే స్కూల్‌కి చదువుకి పంపించాడు. ఆ బొమ్మల్లో ఆడవాళ్ళ నిలబడే తీరు, చీర కుచ్చెళ్ళు పడే తీరు మన ఇళ్ళలో చూసినట్టే ఉంటాయి. పెద్దమ్మ ఒక బొమ్మ ముందు ఆగి "మా అమ్మ ఇలాగే జడేసుకునేది" అంది, ఆ తర్వాత ప్రతి బొమ్మా ఆవిడే మాకు చూపించింది. వీరేశలింగం గారి ఇల్లు కూడా చూశాం. 1881 డిసెంబర్ 11న మొదటి వితంతు వివాహం ఈ ఊళ్ళోనే జరిపించాడాయన. మావాడికి అది పాఠంలో రెండు మార్కుల ప్రశ్న. ఆ గదుల్లో నిలబడి, ఊరంతా వెలి వేస్తుంటే ఆయనా, రాజ్యలక్ష్మమ్మ గారూ ఎలా నిలబడ్డారో పెద్దమ్మ తనకి తెలిసింది తెలిసినట్టు చెబుతుంటే వాడు ఫోన్ జేబులో పెట్టేసి విన్నాడు.

పన్నెండున్నరకి కోటగుమ్మం, రోజ్ మిల్క్. 1950 నుంచి ఉన్న చిన్న కొట్టు, కూర్చోడానికేం ఉండదు, గ్లాసు తీసుకుని రోడ్డు మీదే తాగాలి. సరిగ్గా ఎండలో నిలబడి గొంతెండాక తాగితేనే దాని విలువ. రంగు మరీ గులాబీ కాదు, పాలరంగులో ఎరుపు కాస్త కలిసినట్టు. కాచి చిక్కబరిచిన పాలు కాబట్టి నాలుక మీద మీగడలా అంటుకుంటుంది, సెంటు వాసన కొట్టదు, ఆఖరి గుక్క దాకా చల్లగానే ఉంటుంది. పక్క ఊళ్ళన్నిట్లో "రాజమండ్రి రోజ్ మిల్క్" అని బోర్డులు పెట్టి అమ్ముతున్నారు, వాటిలో చాలావరకు తీపీ రంగే. కోవా కూడా తీసుకోండి. కొట్టు ముందు రష్ ఉంటుంది, పెద్దవాళ్ళని పక్కన నీడలో నిలబెట్టి మీరే తెచ్చివ్వండి.

భోజనం ఇన్నిస్‌పేటలో ఒక మెస్‌లో, అరిటాకు మీద. ముద్దపప్పు, ఆవపెట్టిన పనసపొట్టు కూర, దోసకాయ పచ్చడి, గడ్డపెరుగు. పనసపొట్టు కొట్టడం ఎంత పనో మా వైపు వాళ్ళకి తెలుసు, చేతికి నూనె రాసుకోకపోతే జిగురు వదలదు, కత్తికి సన్నగా పడకపోతే కూర పీచు పీచుగా ఉంటుంది. ఇది సరిగ్గా కుదిరింది, ఆవ ఘాటు ముక్కుదాకా వచ్చి ఆగింది. సాంబారు మాత్రం పల్చన. ఒంటిగంటన్నర లోపే వెళ్ళండి, తర్వాత కూరలు అయిపోతాయి.

మధ్యాహ్నం పడుకున్నాం. ఇది కూడా రివ్యూలో భాగమే, పెద్దవాళ్ళతో వెళ్ళినప్పుడు రెండు నుంచి నాలుగున్నర దాకా ఎక్కడికీ కదలకండి. సాయంత్రం మళ్ళీ ఘాటు. రాజమండ్రి తూర్పుగట్టున ఉంది కాబట్టి సూర్యుడు కొవ్వూరు వైపు, నీళ్ళకి అవతల దిగుతాడు, బ్రిడ్జిలన్నీ నల్లగా గీతల్లా మిగులుతాయి. గట్టు మీద మిరపకాయ బజ్జీ చీల్చి, ఉల్లిపాయ ముక్కలు కూరి, నిమ్మకాయ పిండి ఇచ్చారు, అది వేడిగా ఉండగానే తినాలి. తర్వాత హారతి. ఓ అరగంట ముందే వెళ్తే మెట్ల మీద చోటు దొరుకుతుంది. పెద్దమ్మ దొప్పలో దీపం వదిలింది, గాలికి అది గట్టు వైపే తిరిగి తిరిగి వస్తుంటే మావాడు మోకాళ్ళ దాకా దిగి చేత్తో నీళ్ళు తోసి లోపలికి పంపించాడు.

మర్నాడు పొద్దున్న తిరుగు ప్రయాణంలో ధవళేశ్వరం. కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయింది, ఇప్పుడున్న బ్యారేజీకి 175 గేట్లు. వరదల్లో మా ఇళ్ళలో టీవీ పెట్టేదే ధవళేశ్వరం మట్టం కోసం, 11.75 అడుగులంటే మొదటి హెచ్చరిక, 17.75 అంటే మూడోది, ఆ అంకె వింటే గోదారి మధ్య లంకల్లో చుట్టాలున్నవాళ్ళకి టెన్షన్. మ్యూజియం చూసి బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక, అక్కణ్ణుంచి కాలవగట్టునే ఆత్రేయపురం. అక్కడ పూతరేకులు కొనడం కాదు, తీయడం చూడండి. బోర్లించిన కుండ, కింద కొబ్బరాకుల మంట, పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డని రేకులు తీసే ఆవిడ కుండ మీద ఒక్కసారి లాగుతుంది, రెప్పపాటులో పొర లేస్తుంది. అది చేతిలో పట్టుకుంటే అవతలి వేళ్ళు కనపడతాయి. 2023లో దీనికి జీఐ గుర్తింపు, అంటే ఈ ఊరి సొంత సరుకని చెప్పే గుర్తింపు, వచ్చింది. మడిచేటప్పుడు నెయ్యి వాసన చూసి కొనండి. మా ముందే మడిచినవి రెండు డజన్లు తీసుకున్నాం.

కారు ప్యాకేజీకి నా మార్కులు ఐదుకి ఒకటి, ఆ ఒకటీ డ్రైవర్ మర్యాదకి. దిబ్బరొట్టెకీ, రోజ్ మిల్క్‌కీ ఐదుకి ఐదు. పులస మాత్రం బాకీ ఉండిపోయింది. రైలెక్కించేటప్పుడు పెద్దమ్మ కిటికీలోంచి చెయ్యి పట్టుకుని, "ఎర్రనీరు రాగానే ఫోన్ చెయ్యవే, కుండ నేనే తెచ్చుకుంటాను" అంది.